బ్యాక్టీరియా రబ్బరుతో టైరు: లారీ కింద నిలుస్తుందా?

లారీ_బెజవాడ:
ఆటోనగర్‌లో టైర్ల కొట్టు దగ్గర ఒక మాట విన్నాను. పంచదార తిని బ్యాక్టీరియా రబ్బరు చేస్తుందట, ఇక రబ్బరు చెట్లతో పని లేదట. అదెంత నిజమో గానీ, మే నెలలో ఇసుక లోడుతో వెళ్తే ఆ టైరు నిలుస్తుందా?

గుంటూరు_మాస్టారు:
సగం నిజమండీ. బ్యాక్టీరియా ఇచ్చేది రబ్బరు కాదు, ఐసోప్రీన్, అంటే రబ్బరుకు ముడిసరుకయ్యే చిన్న అణువు. జన్యువులు మార్చిన ఇ.కోలై అనే బ్యాక్టీరియాతో బయోటెక్ కంపెనీ జెనెన్‌కోర్, టైర్ల కంపెనీ గుడ్‌ఇయర్ కలిసి దీన్ని చేయించాయి. 2009లో నమూనా టైరు కూడా చూపించారు. ఐసోప్రీన్ 34 డిగ్రీలకే మరుగుతుంది, మన ఊళ్లో వేసవిలో సీసా మూత తీస్తే చాలు, మాయం! అందుకే తొట్టిలోంచి ఆవిరిగా వచ్చేదాన్ని చల్లార్చి పట్టుకుంటారు. దాన్ని గొలుసుగా అల్లి రబ్బరు చేసేది ఆ తర్వాత ఫ్యాక్టరీలోనే. పెట్రోలియం నుంచి వచ్చినా, పంచదార నుంచి వచ్చినా అణువు అదే. చెట్టు పాలలో మాత్రం ప్రొటీన్లు, కొవ్వులు కూడా ఉంటాయి. చిరగకుండా తట్టుకోవడంలో ఆ రబ్బరుదే పైచేయి, లారీ టైర్లలో దాని వాటా ఎక్కువ ఉండేది అందుకే.

రీట్రెడ్_షెడ్డు:
అణువుల సంగతి మాస్టారికే వదిలేస్తాను. మా షెడ్డుకు వచ్చే టైర్లలో మధ్య అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంటు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే పక్కన పెట్టేయండి. కొనేటప్పుడు పక్కభాగం మీది తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. బేరం ఆ తర్వాతే!

బయోటెక్_అమ్మాయి:
వస్తువుల జాడ పట్టడానికీ సూక్ష్మజీవులే వస్తున్నాయి. మొలకెత్తకుండా చేసిన సిద్ధబీజాలలో (సూక్ష్మజీవుల గట్టి విత్తనాల్లాంటి రూపాలు) డీఎన్ఏ గుర్తు దాచి, వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవచ్చని 2020లో హార్వర్డ్ వాళ్లు చూపించారు. ఇసుక మీద చల్లితే బూట్లకూ అంటుకుంటాయి.

రీట్రెడ్_షెడ్డు:
ఇసుక లారీలకు ముందు చల్లమనండి, ఎవరి రేవులోదో తేలిపోతుంది. టైరులో కలపాలంటే మాత్రం అచ్చులో 150 డిగ్రీల దాకా ఉడకాలమ్మా, ఆ వేడికి అవి నిలుస్తాయా?

కాలువ_గట్టు:
అరిగిన రబ్బరు ఎటు పోతుందో ఎవరూ అడగలేదేం? వానకు కొట్టుకుపోయి కాలువలో పడుతుంది. టైరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో చేరి మారే పదార్థం కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో అమెరికాలో తేలింది. మన బెజవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్యలోనే ఉన్నాయి. రబ్బరు తినే బ్యాక్టీరియాను వదిలితే సరిపోదా?

గుంటూరు_మాస్టారు:
స్ట్రెప్టోమైసిస్ జాతిలో అలాంటివి ఉన్నాయి. చెట్టు పాల రబ్బరైతే తింటాయి. గంధకంతో బిగించిన టైరు రబ్బరులో వాటి పళ్లు అంతగా దిగవు.

లారీ_బెజవాడ:
సరే గానీ షెడ్డు గారూ, నా వెనక టైర్లు ఒక్క అంచే అరుగుతున్నాయి. రేపు పొద్దున తీసుకురానా?

రీట్రెడ్_షెడ్డు:
లోడు దించి తీసుకురండి.