అప్‌డేట్: పెరటి ఆఫీసు గదిలో ఉబ్బిన ఫ్లోరింగ్

పెరట్లో నేనే కట్టుకున్న ఆఫీసు గదిలో లామినేట్ ఫ్లోరింగ్ మధ్యలో ఉబ్బిందని, అడుగేస్తే కిందికి దిగుతోందని, కారణమేంటని ఈ గ్రూపులో అడిగాను కదా. పలకలు నాసిరకం అనుకున్నాను. పలకలు ఉబ్బినప్పుడు జరగడానికి గోడ అంచున గ్యాప్ ఉందో లేదో చూడమని, కాంక్రీటులో తేమ ఉందేమో పరీక్షించమని మీరన్నారు. రెండూ నిజమే.

ముందు స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) ఊడదీశాను. తలుపు వైపు పలకలు గోడకు బిగుసుకుపోయి ఉన్నాయి, గోరు కూడా దూరలేదు. అక్కడ 10 మిల్లీమీటర్లు కోయగానే ఉబ్బు సగం దిగింది. అసలు సమస్య మిగతా సగంలో ఉంది. నాలుగు పలకలు తీసి, కాంక్రీటు మీద అడుగున్నర ప్లాస్టిక్ షీటు పరిచి, చుట్టూ టేపు వేసి ఒక రోజు వదిలేశాను. మర్నాడు షీటు లోపల సన్నటి నీటి చుక్కలు, దాని కింద కాంక్రీటు నల్లగా! నేల కాంక్రీటు స్లాబు వేసిన ఆరు వారాలకే ఫ్లోరింగ్ పరిచేశాను. 100 మిల్లీమీటర్ల మందం ఆరడానికి సుమారు నాలుగు నెలలు పడుతుందని అప్పుడు తెలియదు. పైగా గది వెనక మట్టి స్లాబు అంచుకంటే ఎత్తుగా ఉంది, దాన్ని తవ్వి దించాను.

ఇప్పుడు ఫ్లోరింగ్ మొత్తం తీసేశాను. ఆరు పలకలు పాడయ్యాయి, మిగతావి ఇంట్లో చదునుగా పేర్చాను. మళ్లీ పరీక్షించి షీటు పొడిగా వచ్చాకే, తేమ పైకి రాకుండా 200 మైక్రాన్ల పాలిథీన్, దానిమీద ఫోమ్, ఆ తర్వాతే పలకలు. తేమ పరీక్ష చెప్పినవారికి చాలా థాంక్స్ అండీ, లేకపోతే కొత్త పలకలు కొని వాటినీ పాడుచేసుకునేవాణ్ని.