అప్‌డేట్: రిపోర్టులో 'డేటా ఎప్పటిది' అన్నది చూపించాను

పోయిన వారం అడిగాను కదా, ఆదోని యార్డు పత్తి రాబడి రిపోర్టులో క్యూబ్ (రిపోర్టుకు కావాల్సిన లెక్కలు సిద్ధంగా ఉంచే డేటా నిల్వ) చివరిసారి ఎప్పుడు రిఫ్రెష్ అయిందో ఎలా చూపించాలని. పని అయింది. చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్.

మా క్యూబ్ ఎస్ఎస్ఏఎస్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల అనలిసిస్ సర్వీసెస్) మల్టీడైమెన్షనల్ రకం. మీరన్నట్టే ఎండీస్కీమా_క్యూబ్స్ అనే సిస్టమ్ పట్టికలో లాస్ట్_డేటా_అప్‌డేట్ కాలమ్ తీసి, హెడ్డింగ్ కింద పెట్టాను. మొదటి రోజే నవ్వులపాలయ్యా. పొద్దున 6 గంటలకు క్యూబ్ ప్రాసెస్ (అంటే రిఫ్రెష్) అయితే రిపోర్టులో అర్ధరాత్రి 12:30 అని పడింది. అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైమట! ఐదున్నర గంటలు కలిపితే సరిపోయింది. డైమెన్షన్ల (లెక్కల్ని విడదీసి చూపే తేదీ లాంటి అంశాల) వరుసలు కూడా అక్కడే వస్తాయి, క్యూబ్ పేరుతో ఫిల్టర్ పెట్టుకోండి.

అసలు చిక్కు మంగళవారం వచ్చింది. రాత్రి లోడ్ (కొత్త డేటాను మా డేటాబేస్‌లోకి తెచ్చే పని) ఫెయిలైంది, క్యూబ్ మాత్రం ఉన్న పాత డేటాతోనే దర్జాగా ప్రాసెస్ అయింది. టైము కొత్తది, లెక్క సోమవారానిది. మా కర్నూలు ఆఫీసులో సార్ కాగితం మీద వేలు పెట్టి, "ఇది ఎప్పటి లెక్కప్పా?" అన్నారు. నోట మాట రాలేదు.

ఇప్పుడు లోడ్ సక్సెస్ అయితేనే చిన్న పట్టికలో ఒక వరుస పడుతుంది. రిపోర్టులో రెండు లైన్లు: 'డేటా లోడ్ అయింది', 'క్యూబ్ ప్రాసెస్ అయింది'. రెండోది మొదటిదానికంటే పాతదైతే, లేదా లోడ్ తేదీ నిన్నటిదైతే ఎర్ర రంగు. ఒక్క లైను చాలదా అన్నారు కొందరు, నాకైతే చాల్లేదు.

సార్ ఇప్పుడు ముందు రంగు చూస్తున్నారు, తర్వాతే అంకెలు.