మంత్రాలకు చింతకాయలు రాలే లోకం: ‘ఫ్రీరెన్’ చేసేదాన్ని తెలుగులో ఏమనాలి?

చిలుముచెంబు:

‘ఫ్రీరెన్’ అనే అనిమే (జపాన్ యానిమేషన్ సీరీస్) గురించి రాస్తున్నానని కోప్పడకండి, ప్రశ్న మాత్రం భాషదే. చూడనివాళ్ల కోసం ముందు కథ రెండు ముక్కల్లో చెబుతాను. రాక్షసరాజును చంపి వీరులు ఇంటికి తిరిగొచ్చాక మొదలయ్యే కథ ఇది. యాభై ఏళ్లకు నాయకుడు హిమ్మెల్ ముసలివాడై పోతాడు. జట్టులోని ఎల్ఫ్ (వేల ఏళ్లు బతికే జాతి) ఫ్రీరెన్ వెయ్యేళ్లు దాటినా చిన్నపిల్లలాగే ఉంటుంది. అతనితో తిరిగిన పదేళ్లు ఆమె లెక్కలో ఏపాటివి? అంత్యక్రియల దగ్గర గానీ తెలిసిరాలేదు, ఆ మనిషి గురించి తను ఏమీ తెలుసుకోలేదని. ఆ తరువాత ఎప్పటికో ఫెర్న్ అనే శిష్యురాలిని వెంటబెట్టుకుని పాత దారినే మళ్లీ నడుస్తుంది. కథ రాసింది కానెహితో యమదా, బొమ్మలు త్సుకాసా అబె. 2020లో మంగాగా, అంటే జపాన్ బొమ్మల కథగా, మొదలైంది. మ్యాడ్‌హౌస్ స్టూడియో వాళ్లు తీసిన మొదటి సీజన్ 28 ఎపిసోడ్లు, 2023 సెప్టెంబరు నుంచి 2024 మార్చి దాకా వచ్చాయి.

నా తగాదా అంతా ఆమె చేసే పనికి పెట్టాల్సిన పేరుతో. ఇంగ్లీషులో మ్యాజిక్ అనేదాన్ని జపనీస్‌లో ‘మహో’ అంటారు. మనం తడుముకోకుండా ‘మంత్రం’ అనేస్తాం. కానీ మంత్రాలకు చింతకాయలు రాలవన్నది మన సామెత కదా. ఫ్రీరెన్ లోకంలో సరిగ్గా చింతకాయలు రాల్చడానికే ఒకటి ఉన్నా ఆశ్చర్యం లేదు, అది దొరుకుతుందంటే ఆమె ఆ ఊళ్లో ఆరు నెలలు మకాం పెట్టేస్తుంది కూడా. ఊరూరా తిరిగి పోగేసుకునేవి ఇలాంటివే. కంచు విగ్రహాల చిలుము వదిలించేది, వేడి టీ రప్పించేది, తియ్యటి ద్రాక్షను పుల్లగా మార్చేది. చివరిది ఎందుకంటే, మరుగుజ్జు వీరుడు ఐసెన్‌కు పుల్లద్రాక్ష ఇష్టం. ఊరివాళ్ల పనేదో చేసిపెట్టి, కూలి కింద ఒక పాత పుస్తకం పుచ్చుకుంటుంది.

ఈ సీరీస్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ పేర్లే. మిగతా ఫాంటసీల్లో నోరు తిరగని లాటిన్ ముక్కలు అరుస్తారు. ఇక్కడ చాలావాటికి చేసే పనే పేరు. జపనీస్‌లో ముందు క్రియ వచ్చి, చివర ‘మహో’ చేరుతుంది. మన క్రియాజన్య విశేషణం అచ్చం అలాగే నడుస్తుంది. ‘పూలతోట పూయించే ఫలానా’, ‘మురికి వదలగొట్టే ఫలానా’. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో నీలిగినట్టుండే పేరు తెలుగులో ఏ ఇబ్బందీ లేకుండా ఒదిగిపోతుంది. ఇక ఆ ‘ఫలానా’ దగ్గరే చిక్కు.

మంత్రం జపించాలి, ఉచ్చరించాలి, స్వరం తప్పితే ఫలితం తప్పుతుంది. వీళ్లు ఏదీ జపించరు. మనసులో బొమ్మ కట్టగలిగితే పని జరుగుతుంది, కట్టలేకపోతే జరగదు, అంతే. యూబెల్ అనే పిల్ల ఉంది. దాదాపు దేన్నయినా కోసెయ్యడం ఆమె పని. ఒక పరీక్షలో తనకంటే ఎన్నో రెట్లు గట్టి పరీక్షాధికారిణి నకలు ఎదురొచ్చి, జుట్టునే ఆయుధంగా వాడుతుంది. యూబెల్‌కు అది జుట్టు. జుట్టన్నాక కత్తిరిస్తే తెగుతుంది కదా! తెగింది. ఇది మంత్రం ఎలా అవుతుంది?

పైగా ‘మాంత్రికుడు’ అనగానే నా తరానికి 1951 నాటి ‘పాతాళభైరవి’లో ఎస్వీ రంగారావు గడ్డం కనిపిస్తుంది. ‘మంత్రగత్తె’ అంటే ఇంకా ఘోరం, చేతబడి, బాణామతి దాకా పోతుంది.

రేగుపండు:

అన్నా, ఇంత గొడవెందుకు? ‘మ్యాజిక్’ అంటే అయిపోయె. మా ఇంట్లో పిల్లలు అదే అంటారు, ఎవరికీ అర్థంకాక ఆగిపోలేదు.

పేర్లు బాగున్నాయన్నావు, ఒప్పుకుంటా. ‘మనిషిని చంపే మ్యాజిక్’ ఎపిసోడ్ ఒక్కటి చాలు. క్వాల్ అనే రాక్షసుడు దాన్ని కనిపెట్టినప్పుడు ఎంతమంది చచ్చారో లెక్కలేదు. హిమ్మెల్ జట్టు వాడిని చంపలేక రాయిగా మార్చి బంధిస్తుంది. 80 ఏళ్లకు బంధం వదిలి, వాడు అదే విద్య ప్రయోగిస్తే ఫెర్న్ అడ్డుకట్ట వేసేస్తుంది. ఈలోగా మనుషులు దాన్ని చదివి, విప్పి, విరుగుడు కనిపెట్టి, ‘సాధారణ దాడి’ అని పేరు మార్చి పిల్లలకు మొదటి పాఠంగా పెట్టేశారు. పాపం వాడి ముఖం చూడాలి. ప్రాణాలు తీసిన బాణం పేరు చివరికి దీపావళి బాణాసంచాలో మిగిలినట్టు. ఫాంటసీ కథల్లో సాధారణంగా పాత విద్యే గొప్పది, కొత్తవాళ్లు దద్దమ్మలు. ఇందులో శాస్త్రం ముందుకు నడుస్తుంది. అది నాకు బాగా నచ్చింది.

నచ్చనిదీ చెబుతా. 18వ ఎపిసోడ్ నుంచి 28 దాకా ‘ఫస్ట్ క్లాస్’ మ్యాజిక్ పట్టా కోసం పరీక్ష, పరీక్ష, పరీక్ష. ప్రయాణం కథ కదా అని కూర్చుంటే హాల్ టికెట్ చేతికిచ్చారు. అప్పటిదాకా కడుపుబ్బ నవ్వించిన ష్టార్క్‌ను, అదే ఫ్రీరెన్ వెంట తిరిగే కుర్ర వీరుణ్ని, సత్రంలో కూర్చోబెట్టేశారు. కొత్త ముఖాలు పదుల్లో వచ్చిపడ్డాయి, ఎవరెవరో గుర్తుపెట్టుకునేలోపే యుద్ధాలు. పరీక్ష రాసేవాళ్లలో డెంకెన్ తాత లేకపోతే నేను మానేసేవాణ్ని. శక్తంతా అయిపోయాక ఆ వయసులో పిడికిళ్లు బిగించి కొట్లాటకు దిగాడు చూడు, అది సీను!

పాతబడి పంతులు:

రేగుపండు నాయనా, మీ మాటలోనే జవాబుంది. ‘వాడు అదే విద్య ప్రయోగిస్తే’ అని రాశావు, ఎవరూ అడక్కుండానే. నోటికి సహజంగా వచ్చింది అదే. గారడీ విద్య, పరకాయ ప్రవేశ విద్య, దొమ్మరి విద్య అన్నీ మన మాటలే. నేర్చుకుంటే వచ్చేది, సాధన చేస్తే నిలిచేది, గురువు నుంచి శిష్యుడికి పోయేది విద్య. మనవరాలు చూపిస్తే ఈ సీరీస్ నేనూ చూశాను. ఫెర్న్ చిన్నప్పుడు లోయకు అవతలి బండను తూటు పొడవాలని ఏళ్ల తరబడి అక్కడే నిలబడి కొడుతూ ఉంటుంది. ఆమెను పెంచిన హైటర్, హిమ్మెల్ జట్టులోని పూజారి, మంచాన పడ్డాడు, ఆయన ఉండగానే చేసి చూపించాలి. ఆ పిల్ల చేస్తున్నదాన్ని మంత్రమని నేను అనలేను. సాధన అంటాను.

ఏనుగు లక్ష్మణకవి పద్యం బడిలో అందరం చదివాం.

విద్య నిగూఢ గుప్తమగు విత్తము, రూపము పూరుషాళికిన్
విద్య యశస్సు భోగకరి, విద్య గురుండు, విదేశబంధుడున్...

‘నిగూఢ గుప్తమగు విత్తము’ దగ్గర ఆగండి. ఔరా అనే రాక్షసి చేతిలో తక్కెడ ఉంటుంది. తన ఆత్మ ఒక తట్టలో, ఎదుటివారి ఆత్మ రెండో తట్టలో పెడుతుంది. ఎవరి శక్తి మొగ్గితే వారి మాట రెండోవారు ఎప్పటికీ వినాలి. ఐదువందల ఏళ్ల సంపాదన తనది, ధీమాగా పెట్టింది. ఫ్రీరెన్ వెయ్యేళ్లుగా తన శక్తిని దాచుకుని, కొంచెమే ఉన్నట్టు కనబడుతూ బతికింది. తక్కెడ మెల్లగా ఇటు ఒరుగుతుంటే ఔరా కళ్లలో భయం! ఆ పద్యపాదానికి ఇంతకంటే మంచి బొమ్మ నేను చూడలేదు.

రేగుపండు:

మాస్టారూ, దండాలు. కానీ ఒక్క మాట. గుప్తమే గానీ, చివరికి గెలిపించింది తూకంలో బరువే కదండీ. ఫ్రీరెన్ అందరికంటే పెద్దది, బలమైనది, అందుకే గెలిచింది. ఊహ ముఖ్యం అని ఒక చేత్తో చెబుతారు, రెండో చేత్తో ఎవరి ట్యాంకు పెద్దదైతే వాళ్లదే ఆట అంటారు. ఆమె రంగంలోకి దిగితే నాకు టెన్షన్ ఉండదు. ఫెర్న్, ష్టార్క్ దిగితేనే ఉంటుంది.

పుస్తకాలు పోగేస్తుంది సరే, చదివి ఎలా నేర్చుకుంటుందో ఎక్కడైనా సరిగ్గా చూపించారా? మీరన్న సాధన ఫెర్న్‌కే. ఫ్రీరెన్‌కు పుస్తకం తెరిస్తే వచ్చేస్తుంది.

చిలుముచెంబు:

‘ఎక్కడైనా’ అన్నారు గనక రెండో ఎపిసోడ్ గుర్తు చేస్తాను. హిమ్మెల్ విగ్రహం చుట్టూ అతని సొంతూరి పువ్వు పూయించాలనుకుంటుంది. నీలిరంగు పువ్వు, ఆ ప్రాంతంలో ఎప్పుడో కనుమరుగైంది. పూలు పూయించే విద్య చేతిలో ఉంది, కానీ ఆ పువ్వును తనెప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని పూయించలేదు. అందుకని నెలల తరబడి కొండలూ గుట్టలూ వెతుకుతుంది. ఫెర్న్‌కు విసుగొస్తుంది, మనకూ కొంచెం వస్తుంది. నేర్చుకోవడమంటే అదేనండి. తూకం సంగతి మాత్రం మీతోనే ఉన్నాను.

మాస్టారి ‘విద్య’కు నా ఓటు. అయితే ‘మంత్రం’ మాటను పూర్తిగా పారెయ్యకండి, ఒకచోట దాచిపెట్టాలి. ఏడో ఎపిసోడ్‌లో పాత సంఘటన ఒకటి చెబుతారు. ఊళ్లో ఒక బిడ్డను తినేసిన రాక్షసిపిల్ల దొరుకుతుంది. చంపబోతే ‘అమ్మా’ అంటుంది. హిమ్మెల్ కత్తి ఆగిపోతుంది. ఆ పిల్లకు తల్లి ప్రేమ తెలియదు, ఆ మాటకు అర్థమే తెలియదు, ఆ మాట అంటే మనుషులు చంపలేరని మాత్రం తెలుసు. తరువాత ఏం జరిగిందో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సీరీస్ మొత్తంలో ఉచ్చారణతో పనిచేసింది ఏదైనా ఉందంటే ఇదొక్కటే. అర్థంతో సంబంధం లేకుండా శబ్దంతోనే ఫలితం. అది మంత్రం. రాక్షసుల మిగతా మాటలకు మనకు ‘మాయమాటలు’ ఎలాగూ ఉంది.

సీరీస్‌కు పెద్ద బలమూ పెద్ద లోపమూ రెండూ ఈ సీన్‌లోనే ఉన్నాయని నాకనిపిస్తుంది. ఇంత భయంకరమైన ఆలోచన చేసినవాళ్లు, వెంటనే తలుపు మూసేశారు. రాక్షసులందరూ అంతే, మాట్లాడేది వేటాడ్డానికే, ఫ్రీరెన్ చెప్పింది కాబట్టి నిజం. తరువాత ఎంతమందిని చంపినా ఎవరి మనసూ కలుక్కుమనదు. మనిషి పోయిన బాధ మీద నిలబడ్డ కథ, ఒక జాతి మొత్తాన్ని ఇంత తేలిగ్గా తీసేస్తే ఎలా? మంగాలో మాఖ్ట్ అనే రాక్షసుడి కథ దాకా వెళ్తే మళ్లీ ఆ తలుపు కాస్త తీస్తారు. ఈ 28 ఎపిసోడ్లలో లేదు.

మైన్ నది ఒడ్డున:

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నమస్కారం. మీరెవరూ పేర్ల జోలికి పోలేదు, ఇక్కడున్నవాళ్లకు అదే పెద్ద కామెడీ. దాదాపు అన్నీ జర్మన్ నిఘంటువులోంచి తీసుకున్న మామూలు మాటలు. ఐసెన్ అంటే ఇనుము, ఫెర్న్ అంటే దూరం, ష్టార్క్ అంటే బలమైన, డెంకెన్ అంటే ఆలోచించడం. హిమ్మెల్ అనగానే తెలుగు చెవికి హిమం తగులుతుంది కదా, నిజానికి అది ఆకాశం. గడ్డకట్టేది ఫ్రీరెన్!

బలహీనత కూడా ఇక్కడే. ల్యూగ్నర్ అనే రాక్షసుడు సంధి మాట్లాడతానని రాయబారిగా వస్తాడు. ఆ మాటకు అర్థం అబద్ధాలకోరు. ‘అబద్ధాలరావు గారు సంధికి వచ్చారు’ అంటే ఇంక సస్పెన్స్ ఏముంటుంది? జపాన్ ప్రేక్షకులకు వినసొంపుగా ఉంటుందేమో, మాకు మొదటి నిమిషంలోనే గుట్టు రట్టు.

నాకు నచ్చింది వేరే. తెరమీద ‘హిమ్మెల్ పోయిన 28 ఏళ్లకు’ అని పడుతుంది. రాజుల లెక్క లేదు, యుద్ధం లెక్క లేదు. మా అవనిగడ్డ వైపు పెద్దవాళ్లు 1977 అనరు, ‘ఉప్పెనొచ్చిన ఏడు’ అంటారు. పెళ్లిళ్లూ పుట్టుకలూ దాన్నిబట్టే చెబుతారు. తెలుగు డబ్బింగ్ ఎవరైనా చేస్తే దయచేసి అక్కడ ‘మరణానంతరం’ అని పెట్టొద్దు. ‘పోయిన’ చాలు.

పాతబడి పంతులు:

‘పోయిన’ చాలమ్మా, నిజమే.

పరీక్ష భాగాన్ని రేగుపండు తిట్టాడు గానీ, దాని చివర కోసం నేను ఆ పదకొండు ఎపిసోడ్లూ క్షమిస్తాను. సెరియె అనే మహాగురువు ఫ్రీరెన్‌ను నీకిష్టమైన విద్య ఏదని అడుగుతుంది. పూలతోట పూయించేది అంటుంది ఫ్రీరెన్. ఇంత పనికిమాలినదా అని ఫెయిల్ చేస్తుంది. పాసైనవాళ్లు ఆరుగురు. ఒక్కొక్కరికి కోరుకున్న విద్య ఒకటి ఇస్తానంటుంది. ఫెర్న్ వెళ్లి ఏం కోరింది? బట్టల మురికి పూర్తిగా వదలగొట్టేది. సెరియె ముఖం మాడిపోతుంది. పురాణకాలం నాటి విద్యట, దాంతో చాకిరేవు! కోటి విద్యలు కూటికొరకే అన్నవాళ్లం, మనకు కొత్తేముంది.

రేగుపండు:

సరే మాస్టారూ, ‘విద్య’కు లొంగిపోయా. మరి ఆ విద్య చేసేవాళ్లను ఏమంటారు? విద్యార్థి అంటే కుదరదు. విద్వాంసుడు అంటే మృదంగం, శాలువా గుర్తొస్తాయి.

పాతబడి పంతులు:

విద్యాధరి. మన కథల్లో విద్యాధరులు ఉన్నారుగా. విద్యలు తెలిసినవాళ్లు, ఆకాశాన తిరిగేవాళ్లు. ఫ్రీరెన్‌కు సరిగ్గా సరిపోతుంది.

చిలుముచెంబు:

బ్రహ్మాండం. ఫెర్న్‌కూ పనికొస్తుంది, ఆమె ఎగురుతుంది. ఆ ఎగరడం మనుషులు రాక్షసుల దగ్గర నేర్చిందే అనుకోండి.

రేగుపండు:

ఫ్రీరెన్‌కు ఓకే. పరీక్ష పాసయ్యాక ఫెర్న్‌ను ‘ఫస్ట్ క్లాస్ విద్యాధరి’ అనాలిగా మాస్టారూ? అది వింటే కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద పాసుపోర్టు ఫొటో కనిపిస్తోంది నాకు.