నోరు తెరుచుకోని రోగికి మత్తు ఇవ్వడం అంత ప్రమాదమా?

ప్రశ్న (సిరోంచ):
మా చిన్నాన్నకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయి. ఇరవై ఏళ్లుగా ఖర్రా (వక్క, పొగాకు, సున్నం కలిపిన మిశ్రమం) నమిలిన ఆయన నోట్లో ఇప్పుడు ఒక్క వేలు మాత్రమే పడుతుంది. అన్నం కూడా చిన్న చిన్న ముద్దలు చేసి పక్కనుంచి పెట్టుకుంటారు. పరీక్షించిన మత్తు డాక్టరు గారు ఆపరేషన్‌లో ఊపిరి అందించే గొట్టం శ్వాసనాళంలోకి వేయడం కష్టమని, నాగపూర్ తీసుకెళ్లమని చెప్పారు. మత్తులో కండరాలు వదులైతే నోరు తెరుచుకోదా?

జవాబు (మత్తు వైద్యుడు, చంద్రపూర్):
తెరుచుకోదండీ. వక్క వల్ల బుగ్గల లోపలి పొర నారలా గట్టిపడింది, మందుకు అది లొంగదు. మత్తుతో పాటు కండరాలను సడలించే మందు పడిన క్షణం నుంచి రోగి తానుగా ఊపిరి తీసుకోలేడు, అప్పటికి ఊపిరితిత్తుల్లో ఉన్న ఆక్సిజనే ఆధారం. శరీరం నిమిషానికి దాదాపు 250 మి.లీ. వాడేస్తుంది. ముందుగా 3 నిమిషాలు మాస్కు బిగించి ఆక్సిజన్ పీల్పిస్తే, ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి సుమారు 8 నిమిషాల వ్యవధి దొరుకుతుంది. లావుగా ఉన్నవారికి, గర్భిణులకు, పిల్లలకు అంత ఉండదు. గొట్టం పడకపోతే మాస్కుతోనో, గొంతులో కూర్చునే ఎల్‌ఎంఏ అనే చిన్న మాస్కుతోనో గాలి అందిస్తాం గానీ, ఒక్క వేలు పట్టే నోట్లోకి ఎల్‌ఎంఏ కూడా వెళ్లదు. మాస్కూ పని చేయకపోతే మెడ ముందు కోసి శ్వాసనాళానికి దారి చేయడమే మిగులుతుంది. అందుకే ముక్కునూ గొంతునూ మొద్దుబార్చి, మెలకువగా ఉండగానే ముక్కు ద్వారా ఫైబర్ ఆప్టిక్ స్కోపుతో (లోపలి దారి చూపించే సన్నని, వంగే పరికరం) గొట్టం వేస్తారు. అంతసేపూ ఊపిరి ఆయనదే. గొట్టం వేయడం ఎంత కష్టమో ముందే అంచనా వేయడానికి నోరు తెరిపించి, నాలుక చాపించి చూసే మల్లంపాటి పరీక్షను 1985లో ప్రచురించింది మన తెలుగు డాక్టరే.

జవాబు (ఆపరేషన్ థియేటర్ నర్సు, బల్లార్‌పూర్):
2005లో ఇంగ్లండులో ఎలేన్ బ్రోమిలీ అనే ఆమెకు సైనస్ ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చాక గొట్టం పడలేదు, గాలీ అందలేదు. నర్సు మెడ కోసే సామగ్రి తెచ్చి సిద్ధంగా ఉందని చెప్పినా, డాక్టర్లు మళ్లీ మళ్లీ గొట్టం కోసమే ప్రయత్నించారు. ఆమె బతకలేదు. అది తెలిసినప్పటి నుంచి, ఆక్సిజన్ తగ్గుతూ మానిటర్ బీప్ స్వరం దిగుతుంటే నేను అంకెను పైకి చదువుతాను: తొంభై నాలుగు, తొంభై, ఎనభై ఆరు. గొట్టం మీదే చూపు నిలిపినవారికి ఆ అంకె చెవిన పడాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మా మత్తు డాక్టరు గారు భయపడి తప్పించుకున్నారని అనుకున్నాను, నాది పొరపాటు. చిన్నాన్న నోట్లో ఎన్ని వేళ్లు పడతాయో ఆ డాక్టరు గారు చీటీ మీద రాసిచ్చారు, దాన్ని వెంట తీసుకెళ్తాం.