అడాప్టివ్ ఆప్టిక్స్ దోషాల పద్దు: వర్గాలు (స్క్వేర్లు) కూడితే సరిపోతుందా?

నమస్కారం. హైదరాబాద్ తార్నాకలో ఉంటూ, ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం 8 మీటర్ల టెలిస్కోపుకు అడాప్టివ్ ఆప్టిక్స్ (గాలి కదలికలకు చెదిరే నక్షత్రకాంతిని అప్పటికప్పుడు సరిదిద్దే ఏర్పాటు) దోషాల పద్దు, అంటే సరిదిద్దాక మిగిలే దోషాల లెక్క, వేస్తున్నాను. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

0.5 మైక్రాన్ల దగ్గర ఫ్రైడ్ పరామితి (వాతావరణం కాంతిని ఎంత తక్కువ చెదరగొడుతుందో చెప్పే పొడవు) 15 సెం.మీ. అనుకుంటే, 2.2 మైక్రాన్ల దగ్గర అది సుమారు 89 సెం.మీ. అవుతుంది. ఆకారం మారే అద్దంలో యాక్చువేటర్ల (అద్దాన్ని తోసి వంచే పరికరాల) ఎడం 50 సెం.మీ. పెట్టి, 0.28 గుణకం వాడితే ఫిట్టింగ్ దోషం (అద్దం సరిగ్గా ఆ ఆకారంలోకి వంగలేక మిగిలేది) దాదాపు 115 నానోమీటర్లు వచ్చింది. ఇంతవరకు ధీమాగానే ఉన్నాను.

చిక్కంతా ఆ తర్వాతే. ఆలస్య దోషం (కొలిచి సరిదిద్దేలోపు గాలి మారిపోవడం వల్ల వచ్చేది), సెన్సర్ నాయిస్ (కొలతలోని గజిబిజి) రెండూ లూప్ గెయిన్ మీదే, అంటే కొలిచిన దోషంలో ఒక్కో విడతకు ఎంత భాగం సరిదిద్దుతామో దాని మీదే, ఆధారపడతాయి. గెయిన్ పెంచితే, ఒక హద్దు వరకు, మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. పైగా మార్గదర్శక నక్షత్రం (చెదురును కొలవడానికి చూసే నక్షత్రం) గాలి వీచే దిశలోనే పక్కకు ఉంటే, ఆలస్య దోషానికీ కోణీయ దోషానికీ (ఆ నక్షత్రం మనం చూసే వస్తువుకు పక్కన ఉండటం వల్ల వచ్చేదానికీ) లంకె పడుతుంది కదా! అలాంటప్పుడు అన్ని దోషాల వర్గాలనూ స్వతంత్రమైనవిగా కూడేయడం ఎంతవరకు న్యాయం? నేను చదివిన పుస్తకాలు ఇక్కడికి రాగానే గొంతు సవరించుకుని ముందుకు సాగిపోతున్నాయి.

పూర్తి సిమ్యులేషన్ నడపకుండా ఆ లంకె వల్ల లెక్కలో చేరే ఉమ్మడి పదాన్ని అంచనా వేసే మార్గం ఉందా? మా ఇంటి కంప్యూటర్‌కు అంత ఓపిక లేదు.