మిషనరీ ఆదివారానికి శాలువాలు కాక ఇంకేం చేయొచ్చు?

అందరికీ వందనాలు. మాది సికింద్రాబాద్‌లో చిన్న సంఘం. ఆదిలాబాద్ వైపు గోండు గూడేల్లో సేవ చేస్తున్న రెండు కుటుంబాలకు నెలనెలా కానుక పంపుతాం. వచ్చే నెల మిషనరీ ఆదివారం పెట్టి వాళ్లను పిలుస్తున్నాం. శాలువా, మెమెంటో, బిర్యానీ... కమిటీ ఆలోచన అక్కడే ఆగింది. పాపం, వాళ్ల పెట్టెలో శాలువాలు ఇప్పటికే దొంతర! అవసరమేమో బండి రిపేరుకీ, పిల్లల హాస్టల్ ఫీజుకీ. మిషనరీ కుటుంబాలకు హెల్త్ ఇన్సూరెన్స్ చేయించిన సంఘాలు ఉన్నాయా? ప్రీమియం సంఘమే నేరుగా కట్టిందా, డబ్బు వాళ్ల ఖాతాలో వేశారా?

ఇంకోటి, సండే స్కూల్ పిల్లల చేత అజరయ్య గారి మీద స్కిట్ వేయిద్దామనుకుంటున్నాం. తిరునల్వేలి ప్రాంతం నుంచి డోర్నకల్ వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయినాయన. పది నిమిషాల స్క్రిప్ట్ ఎవరి దగ్గరైనా ఉంటే పంపరూ?