దసరా సెలవుల్లో నేపాల్ మిషన్ ట్రిప్: దిక్కులేని పిల్లల దగ్గరికి 10 రోజులు వెళ్ళిరావడం సేవేనా?

రాయగడ యూత్:

అందరికీ వందనాలు. మాది ఒడిశాలోని రాయగడలో చిన్న తెలుగు సంఘం. ఆదివారం ఆరాధనకి మహా అయితే నూటయాభై మంది వస్తారు. ఈ దసరా సెలవుల్లో మా యూత్ నుంచి 11 మందిమి ఖాట్మండులోని ఒక పిల్లల హోంకి వెళ్ళి 10 రోజులు ఉండి రావాలనుకున్నాం. విజయనగరం మీదుగా హౌరా, అక్కడ మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రక్సౌల్, బోర్డరు దాటాక బస్సు. మనిషికి 18,000 చొప్పున మొత్తం 1,98,000. సగం ఇప్పటికే పోగయింది. హోంలో 26 మంది పిల్లలున్నారు. వాళ్ళకి పాటలు, కథలు, ఆటలు నేర్పాలని, గోడలకి రంగులు వెయ్యాలని, అందరికీ స్వెటర్లు తీసుకెళ్ళాలని అనుకున్నాం.

పోయిన ఆదివారం సంఘంలో ఒక పెద్దాయన లేచి, "ఆ డబ్బేదో అక్కడికే పంపేయొచ్చు కదా, మీరెందుకు వెళ్ళడం?" అన్నారు. అప్పటినుంచి సంఘంలో తలో మాట. యాకోబు పత్రిక ఒకటో అధ్యాయం 27వ వచనం దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రని వాళ్ళ ఇబ్బందిలో పరామర్శించమంటుంది. పరామర్శ అంటే మనిషి వెళ్ళడమే కదా? మనియార్డరు కాదు కదా? వెళ్ళొచ్చినవాళ్ళూ, వద్దనేవాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

బరంపురం నర్సు:

తమ్ముడూ, వెళ్ళు. వెళ్ళొచ్చినదాన్ని కాబట్టి చెప్తున్నా. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చి తొమ్మిది వేలమంది దాకా పోయారు. కొన్నాళ్ళకే మా టీం అక్కడి సింధుపాల్చోక్ జిల్లాకి వెళ్ళింది. మే 12న భూమి మళ్ళీ కదిలినప్పుడు నేనొక ముసలమ్మ కాలికి కట్టు కడుతున్నా. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు. అలా పావుగంట కూర్చున్నాం. ఆ చెయ్యిని బ్యాంకులో వేసి పంపలేం.

తిరిగి వచ్చేటప్పుడు ఖాట్మండులో ఒక పిల్లల హోంలో రెండు రోజులున్నాం. గేటు తీసి లోపలికి వెళ్ళామో లేదో, నాలుగేళ్ళ పాప ఒకతి నా ఒళ్ళోకి ఎక్కేసింది. వచ్చేసే రోజు నా చున్నీ పట్టుకుని ఒకటే ఏడుపు. ఆ పాప మొహం గుర్తొచ్చే నేను ఈరోజుకీ నెలనెలా జీతంలోంచి కొంత తీస్తున్నా. చూడకపోతే ఇచ్చేదాన్నా? ఇచ్చేదాన్ని కాదు. కళ్ళారా చూడని కష్టానికి ఎవరి చెయ్యీ జేబులోకి వెళ్ళదు.

గుణుపురం టీచర్:

నర్సక్కా, మీ మనసు ఎలాంటిదో మీ మాటల్లోనే తెలుస్తోంది. కానీ మీ చున్నీ పట్టుకున్న పాప తరఫున నేను మాట్లాడాలి. నేను అలాంటి పాపనే.

మాది గుణుపురం దగ్గర పల్లె. నాన్న పోయాక అమ్మ ఇటుకల బట్టీలో పనికి పోయేది. నాకు ఆరేళ్ళప్పుడు బోర్డరు అవతల, ఆంధ్రాలో ఒక హాస్టల్లో చేర్పించింది. చదువు, తిండి, బట్టలు అన్నీ ఉచితం అన్నారు. ఆ ఊరి పేరు, హాస్టల్ పేరు చెప్పను. మూడు పూటలా తిండి పెట్టారు. ఈరోజు నేను టీచర్నయ్యానంటే అక్కడ దిద్దిన అక్షరాలే. ఆ రుణం నాకు ఉంది.

ఏటా డిసెంబరులో విదేశాల నుంచి టీములు వచ్చేవి. పది రోజుల ముందు నుంచి పాటల ప్రాక్టీసు. వాళ్ళు వచ్చే రోజు అందరి మెళ్ళో ఒక కార్డు వేలాడదీసేవాళ్ళు: పేరు, వయసు, కింద "తల్లిదండ్రులు లేరు" అని. మా అమ్మ ఉంది కదండీ అని వార్డెన్ గారిని అడిగా. "ఊరుకోవే, అలా రాస్తేనే నీ పేరున డబ్బు వస్తుంది" అన్నారు.

నా తొమ్మిదో ఏట, అలా టీం వచ్చిన రోజే అమ్మ కూడా వచ్చింది. మూడు బస్సులు మారి, పాత తువ్వాల్లో అరిసెలు మూటగట్టుకుని. వాచ్‌మన్ ఆమెని వంటింటి వెనక కట్టెల దగ్గర కూర్చోబెట్టాడు, వచ్చినవాళ్ళు వెళ్ళేదాకా బయటికి రావద్దని. నేను స్టేజీ మీద పాడుతున్నా. అక్కడి నుంచి ఆమె ఆకుపచ్చ చీర కొంగు కనిపిస్తోంది. పాట అయ్యాక ఒక ఆంటీ నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చారు, నాకెవరూ లేరని. నేను ఆవిడ భుజం మీదుగా మా అమ్మనే చూస్తున్నా. సాయంత్రం అమ్మ మూట నా చేతిలో పెట్టి, బస్సు పోతుందని వెళ్ళిపోయింది. ఆ కార్డు ఏంటని కూడా అడగలేదు. ఆమెకి చదువు రాదు.

ఆ ఆంటీ మంచావిడ. ఆవిడ కన్నీళ్ళు నిజమైనవి. కానీ ఆవిడ లాంటివాళ్ళు వస్తారనే ఆ కార్డు రాశారు. ఇది మా ఒక్క హాస్టల్ సంగతి కాదు. కంబోడియా హోముల్లోని పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. నేపాల్‌లో 1996 నుంచి 2006 దాకా మావోయిస్టులకీ ప్రభుత్వానికీ మధ్య సాగిన యుద్ధంలో హుమ్లా లాంటి కొండ జిల్లాల్లో దళారులు తిరిగారు. పట్నంలో చదివిస్తామని తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకుని పిల్లల్ని ఖాట్మండు తెచ్చారు. వాళ్ళలో ఎందరినో కాగితాల మీద అనాథల్ని చేశారు. హోములన్నీ కష్టం ఎక్కువున్న జిల్లాల్లో ఉండాలి కదా? ఖాట్మండు, పోఖరా, చిత్వన్ లాంటి టూరిస్టులు తిరిగే చోట్లే గుంపుగా ఎందుకున్నాయి?

బరంపురం నర్సు:

చెల్లీ, నీ పోస్టు చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. అమ్మ ఇప్పుడెలా ఉన్నారు?

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ పాప వెళ్ళగానే ఒళ్ళోకి ఎక్కడం ప్రేమ అనుకున్నా. తర్వాత పిల్లల వార్డులో చేసినప్పుడు తెలిసింది. ఇంట్లో పెరిగే నాలుగేళ్ళ పిల్ల కొత్తవాళ్ళని చూస్తే అమ్మ వెనక దాక్కుంటుంది. ఎవరొచ్చినా ఎగబడే పిల్లకి తనదంటూ ఒక మనిషి లేదన్నమాట. రొమేనియాలో 2000లో మొదలుపెట్టి అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్ని పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. సగం మందిని కుటుంబాల్లో పెంచారు, సగం మంది ఆశ్రమాల్లోనే ఉన్నారు. కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళ తెలివితేటలు, మనసు బాగా కోలుకున్నాయి. అదీ రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళకి మరీ ఎక్కువగా. నాలా రెండు రోజులు ఎత్తుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఆ పాపకి ఎంతమందో.

కానీ సింధుపాల్చోక్ వెళ్ళడం తప్పని మాత్రం నేను అనను. అక్కడ చెయ్యాల్సిన పని ఉంది, ఆ పని నాకు వచ్చు. ట్రిప్పులన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు.

జయపురం వకీలు:

చట్టం సంగతి కొంచెం చెప్తాను, ఇలాంటి ట్రిప్పుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు.

ఒకటి, నేపాల్ 2015 రాజ్యాంగం ఒకరిని మతం మార్చడాన్ని నిషేధించింది. 2017లో చేసిన క్రిమినల్ కోడ్ దానికి ఐదేళ్ళ దాకా జైలు పెట్టింది. మీరు పిల్లలకి బైబిలు కథలు చెప్పి, ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టి రాయగడ వచ్చేస్తారు. ఆ తర్వాత పోలీసులు తలుపు కొట్టేది ఆ హోం నడిపే స్థానికుడి ఇంటికి.

రెండు, ఫోటోలు. మన బాలల న్యాయ చట్టం 2015, సెక్షన్ 74 ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫోటో, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం నేరం. మన ఊరి హోంలో చేస్తే నేరమైనది, బోర్డరు దాటితే సేవ ఎలా అవుతుంది? పిల్లల్ని సంస్థలో పెట్టడం చివరి మార్గం కావాలని కూడా అదే చట్టం చెప్తుంది.

మూడు, మంచి ఉద్దేశం ఉంటే చాలనుకునేవాళ్ళకి హైతీ సంగతి. 2010 జనవరి భూకంపం తర్వాత అమెరికా నుంచి వెళ్ళిన 10 మంది బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని అనాథలని చెప్పి పక్క దేశానికి దాటిస్తూ అరెస్టయ్యారు. ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులున్నారని తర్వాత తేలింది.

డబ్బు లెక్క కూడా చూడండి. మిషన్ వాత్సల్య పథకం కింద, ఆదుకునే దిక్కులేక పిల్లల్ని హోంకి పంపాల్సి వచ్చే కుటుంబానికి ప్రభుత్వం ఒక్కో బిడ్డకి నెలకి 4,000 ఇస్తుంది, బిడ్డ ఇంట్లోనే పెరగాలని. మీ 1,98,000తో నలుగురు పిల్లలు ఒక ఏడాది పాటు తల్లి దగ్గరే ఉండొచ్చు.

రాయగడ యూత్:

వకీలు గారూ, ఫోటోల విషయం ఒప్పుకున్నాను. ఈ రాత్రే గ్రూపులో పెడతా, ఒక్క ఫోటో కూడా వద్దని. సువార్త విషయం పాస్టరుగారితో మాట్లాడాలి. హోం వాళ్ళని ఇబ్బందిలో పెట్టే ఉద్దేశం మాకు అస్సలు లేదు.

డబ్బు లెక్క మాత్రం అంత తేలిక కాదండీ. ఈ డబ్బు నేపాల్ అంటేనే వచ్చింది. మా యూత్‌లో పేపరు మిల్లులో కాంట్రాక్టు పని చేసే కుర్రాడు ఆరు నెలలు ఓటీ చేసి తన 18,000 కూడబెట్టాడు. రాయగడలో ఒక కుటుంబానికి ఇవ్వమంటే ఇంత కూడబెట్టేవాడా? వాడు ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. "అన్నా, దేవుడు నన్ను కూడా వాడుకుంటాడా?" అని అడిగాడు. వాడికి వద్దని నేనెలా చెప్పను?

పర్లాకిమిడి మాస్టారు:

నాయనా, ఆ కుర్రాడిని తప్పకుండా వాడుకుంటాడు. వద్దని చెప్పకు. కానీ నువ్వు చెప్పిన వచనం ఇంకోసారి నిదానంగా చదువు. దిక్కులేని పిల్లల పక్కనే ఎవరున్నారు? విధవరాలు. నలభై ఏళ్ళు సండే స్కూల్లో ఆ వచనం కంఠతా పెట్టించాను, పిల్లల్ని ఒక చోట, విధవరాలిని ఇంకో చోట ఊహించుకున్నాను. ఇవాళ మన టీచరమ్మ పోస్టు చదివాక తట్టింది. ఆ విధవరాలు ఆ పిల్లల తల్లే కదా. ఆరోజు కట్టెల దగ్గర కూర్చున్న తల్లి. వచనం వాళ్ళిద్దరినీ పక్కపక్కన పెట్టింది. మనమే వాళ్ళని విడదీసి, పిల్లని స్టేజీ మీదకి, తల్లిని వంటింటి వెనక్కి పంపాం.

పది రోజుల సంగతి. మా ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. అంటే దాదాపు జీవితమంతా. ఆయన క్రైస్తవుడు కాడు, అయినా పిల్లల దగ్గరికి ఎలా వెళ్ళాలో ఆయన్ని చూసి నేర్చుకోవచ్చు. మన క్రైస్తవుల్లో చూస్తే ఐరిష్ మిషనరీ ఎమీ కార్మైకేల్ 1895లో మన దేశానికి వచ్చారు. 1951లో తమిళనాడులోని దోనావూరులో కన్నుమూసేదాకా 55 ఏళ్ళు ఒక్కసారి కూడా ఇంటికి వెళ్ళలేదు. అంత చెయ్యమని మిమ్మల్ని ఎవరూ అడగరు. కానీ ఆ 26 మందిలో ఒక్కరితోనైనా వాళ్ళ భాషలో మాట్లాడగలవాళ్ళు మీలో ఉన్నారా?

గుణుపురం టీచర్:

మాస్టారూ, ఆ మాట మా అమ్మకి చదివి వినిపించాను. నర్సక్కా, అమ్మ బాగానే ఉంది, ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది.

రాయగడ అన్నా, వెళ్ళొద్దని నేను అనడం లేదు. ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళండి. మీరు వెళ్ళేది దసరాకి. నేపాల్లో దాన్ని దశైన్ అంటారు, వాళ్ళకి అదే పెద్ద పండగ. ఎక్కడున్నవాళ్ళయినా ఇంటికి చేరి పెద్దవాళ్ళ చేత నుదుట టీకా, అంటే బొట్టు, పెట్టించుకుంటారు. ఆ 26 మంది పిల్లలు దశైన్‌కి ఎక్కడికి వెళ్తారో హోం ఆయన్ని అడగండి.

రాయగడ యూత్:

ఫోన్ చేశాను. హోం ఆయన హిందీ బాగా మాట్లాడతారు, మంచిగా మాట్లాడారు. ఏదీ దాచలేదు, అడగ్గానే చెప్పారు. ఏటా దశైన్‌కి 22 మంది ఊళ్ళకి వెళ్తారట. ధాదింగ్, నువాకోట్ వైపు వాళ్ళే ఎక్కువ. ఎవరి అమ్మో, మేనమామో, తాతో వచ్చి తీసుకెళ్తారు. హోంలో మిగిలేది నలుగురే.

"మరి ఈసారి?" అన్నాను. "మీరు 11 మంది అంత దూరం నుంచి వస్తున్నారు కదా, ఈసారి ఎవరినీ పంపొద్దనుకున్నాం" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఆకుపచ్చ చీర కొంగే కళ్ళముందు కనిపించింది.

పిల్లల్ని పంపించేయండి, ఆ తేదీల్లో మేం రావడం లేదు అని అక్కడే చెప్పేశాను. పాస్టరుగారిని కూడా అడగలేదు, ఆ తర్వాతే వెళ్ళి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆదివారం నువ్వే నిలబడి చెప్పు" అన్నారు. డబ్బిచ్చినవాళ్ళ లిస్టు నా దగ్గరుంది. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి అడుగుతాను, పిల్లల దారి ఖర్చులకి వాడొచ్చా, లేక తిరిగి ఇచ్చేయాలా అని. మొదట ఓటీ చేసిన కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. "వాళ్ళమ్మల దగ్గరికి వెళ్ళేదానికైతే నావి మొత్తం తీసుకోండన్నా" అన్నాడు.

ఎవరికి ఎంత బస్సు చార్జీ అవుతుందో రాసి పంపమన్నాను. ధాదింగ్ వాళ్ళకి పెద్ద ఖర్చేం లేదు. మిగిలిపోయే నలుగురిలో ఇద్దరు హుమ్లా అన్నదమ్ములు. వాళ్ళమ్మ ఉంది, కానీ నాలుగేళ్ళుగా చూడలేదట. నేపాల్‌గంజ్ దాకా బస్సులో వెళ్ళి అక్కడి నుంచి హుమ్లాలోని సిమికోట్‌కి విమానం ఎక్కాలి. టికెట్లు ఎంతవుతాయో కనుక్కుని రేపు చెప్తానన్నారు.